గుట్టను కింది నుంచి నేర్చుకున్న వదిన

మా వదిన పోయిందన్న మాట నాకు బీర్కూర్‌లో, నేను ఆటలు నేర్పే బడి మైదానంలో తెలిసింది. ఆరో తరగతి పిల్లలతో ఖో-ఖో ఆడిస్తున్నాను. మా అన్న ఫోన్ చేశాడు. "చెప్పన్నా, వదిన ఎట్లున్నది?" అన్నాను. "ఇంటికి తీసుకొస్తున్నం. నువ్వు రా" అన్నాడు. హైదరాబాద్ ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి ఆ గొంతుతో ఆ మాట అన్నాక ఇంకేం అడగాలి? పిల్లలు ఆట ఆపి నా మొహంలోకి చూస్తుంటే, ఆడుకోండని చెయ్యి ఊపి గోడ పక్కకు పోయాను.

ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి గాంధారి అవతలి తండాల్లో జ్వరాలు. మా వదిన అక్కడ ఏఎన్‌ఎం. ఇంటింటికీ తిరిగి రక్తపు చుక్కలు తీసింది, నీళ్ల తొట్లు ఒంపించింది, నడవలేని వాళ్లను ఆటో ఎక్కించింది. చివరికి ఆ జ్వరమే ఆమెనూ పట్టుకుంది. వారం తిరక్కముందే అంతా అయిపోయింది. ఆమెకు ముప్పై నాలుగేళ్లు.

మరునాడు తండాల నుంచి ఆటోల నిండా ఆడవాళ్లు వచ్చారు. ఆటో దొరకని వాళ్లు నడిచే వచ్చారు. ఒక ముసలామె మా వాకిట్లో నిలబడి, "మా సైకిల్ సిస్టర్ ఏదీ? మా సైకిల్ సిస్టర్‌ను ఎక్కడ పండవెట్టిన్రు?" అని అడిగింది. ఆ పేరు మా ఇంట్లో మేమెవరం ఎన్నడూ వినలేదు. ఆమెకు అక్కడ అట్లాంటి పేరు ఉందని మాకు ఆమె చెప్పనే లేదు.

జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది, ఏఎన్‌ఎం మృతి అని. అది నిజమే, కానీ సగమే. మిగతా సగం మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

2009లో ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చింది. పుట్టిల్లు కామారెడ్డి. వాళ్ల బాపు బియ్యం మిల్లులో పనిచేసేవాడు. చిన్నప్పుడు ఆయనకు అన్నం గిన్నె సైకిల్ మీద పట్టుకుపోయేదట. మాది ఎల్లారెడ్డి. మా అన్నకు కరెంటు మోటార్లకు తీగ చుట్టే షాపుంది. అమ్మ బీడీలు చుడుతుంది. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. వదిన వచ్చిన మరుసటి ఏడాది పాప పుట్టింది. పాపను అమ్మ దగ్గర వదిలి, పొద్దున్నే బస్సెక్కి గాంధారి, అక్కడి నుంచి ఆటోలో తండాకు పోయేది. అప్పటికి ఆమె అందరిలాంటి వదినే. మాట తక్కువ, నవ్వు ఎక్కువ.

తెలంగాణ కోసం సమ్మె జరిగిన ఏడాది బస్సులు నిలిచిపోయాయి. ఆటోలు ఒకరోజు నడిస్తే ఒకరోజు నడవవు. టీకాల రోజు వచ్చింది. వదిన మా అన్న పాత సైకిల్‌ను మూల నుంచి లాగి, గాలి కొట్టించి, టీకాల పెట్టెను వెనక క్యారియర్‌కు తాడుతో కట్టింది. రోడ్డు చుట్టు తిరిగి పోతుంది. గుట్టల మీద నుంచి అయితే దగ్గర.

అమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏంది బిడ్డా, ఇంటి కోడలు సైకిల్ మీద గుట్టలెంబడి పోవుడేంది? ఎవలన్న జూస్తె ఏమనుకుంటరు?" అంది.

"సిస్టర్ వస్తున్నది అనుకుంటరు అత్తమ్మా" అని వదిన సైకిలెక్కి వెళ్లిపోయింది.

సమ్మె అయిపోయింది, బస్సులు తిరిగాయి. ఆమె మాత్రం మళ్లీ బస్సెక్కలేదు. ఎందుకని అడిగితే, "ఆ గుట్ట దిగుతుంటే కడుపుల ఏందో లేచొస్తది పిల్లా. జాతరల రంగులరాట్నం ఎక్కినట్టుంటది" అంది. నన్ను ఎప్పుడూ పిల్లా అనే పిలిచేది.

నేనప్పుడు కామారెడ్డిలో డిగ్రీ చదువుతూ ఆదివారాలు ఇంటికొచ్చేదాన్ని. ఆ చలికాలంలో ఒక ఆదివారం తండాలో బాలింతను చూసి రావాలంటే నేనూ వెంట పోయాను. తిరిగి వస్తుంటే గుట్ట కింద హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు కొందరు కనబడ్డారు. లావు టైర్ల సైకిళ్లు, ముందర చక్రానికి స్ప్రింగులు, తలలకు టోపీల్లాంటి హెల్మెట్లు. వాళ్లలో నా ఈడు పొడుగాటి అమ్మాయి ఒకతె ఉంది. వదిన ఆ సైకిల్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, "ఒక్కపారి ఇస్తవా చెల్లె?" అని అడిగింది.

ఆ అమ్మాయి సంతోషంగా ఇచ్చింది. వదిన కొంచెం పైకి ఎక్కించి, దిగుతూ, మన ఇనుప సైకిల్‌కు నొక్కినట్టు బ్రేకును పిడికిలి బిగించి నొక్కింది. సైకిల్ ఆగింది. వదిన ఆగలేదు. హ్యాండిల్ మీదుగా ఎగిరి తంగేడు పొదలో పడింది. అందరం పరుగెత్తాం. పొదలోంచి లేచి కూర్చుంది. జుట్టు నిండా ఆకులు, మోచెయ్యి చీరుకుపోయింది. నవ్వుతోంది.

"ఇంకోపారి ఇయ్యి చెల్లె. దాని గుణం ఇప్పుడు తెలిసింది."

రెండోసారి పడకుండా దిగింది. ఆ పొడుగాటి అమ్మాయి నీళ్లతో ఆమె మోచెయ్యి కడుగుతూ తాము ఆడే పందెం గురించి చెప్పింది. ఎండ్యూరో అంటారట. "ఎక్కేటప్పుడు ఎవరూ టైం చూడరక్కా, కబుర్లు చెప్పుకుంటూ ఎక్కొచ్చు. మధ్యమధ్యలో దిగే ముక్కలుంటాయి. వాటికే గడియారం. ఆ దిగిన టైములన్నీ కలిపి ఎవరిది తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. చలికాలమంతా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఆడవాళ్లే తక్కువ" అంది.

ఇంటికి వస్తూ వదిన ఆ గుట్ట వైపు తిరిగి తిరిగి చూసింది. ఎల్లారెడ్డి దగ్గర పడ్డాక, "ఎక్కుడు మనకు రోజూ ఉన్న పనే గద పిల్లా, దిగుడు నేర్చుకుందాం" అంది. నేర్చుకుంటా అనలేదు. నేర్చుకుందాం అంది. నన్ను అడగనైనా అడగలేదు. నా జీవితంలో నన్ను అడక్కుండా ఎవరైనా చేసిన మంచి పనుల్లో అది మొదటిది.

ఎండాకాలం వచ్చేసరికి నా డిగ్రీ అయిపోయి ఇంటికొచ్చేశాను. ఆ పొడుగాటి అమ్మాయి మా ఇద్దరికీ పాత సైకిళ్లు వెతికి పెట్టింది. మా అన్న అట్లాంటి బ్రేకులు ఎప్పుడూ చూడలేదు. షాపులో బల్ల మీద పెట్టి మర మర ఊడదీశాడు. తిరిగి బిగించడం రాక ఆ అమ్మాయికే ఫోన్ చేసి, "చెల్లె, ఒక చిన్న బిళ్ల మిగిలింది, అది ఏడిదో చెప్పు" అని అడిగాడు. తర్వాత తర్వాత ఆయన చేతిలోనే ఆ సైకిళ్లు బాగుండేవి.

ఎల్లారెడ్డి నుంచి గాంధారి పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే ఒక గుట్ట ఉంది. మోదుగు చెట్లు, బలుసు పొదలు, మధ్యలో మేకలు నడిచి నడిచి ఏర్పడ్డ సన్నటి బాట. మేము రోజూ పోయేది అక్కడికే. తెల్లారక ముందే లేచి, జొన్న రొట్టె చుట్టుకుని, వదిన డ్యూటీ టైముకు ముందే ముగించేవాళ్లం. వదిన పంజాబీ డ్రెస్ మీద చున్నీ నడుముకు బిగించి కట్టేది. ఒకసారి ఆ చున్నీ చైనులో చిక్కి చినిగిపోయాక ప్యాంటు వేసింది. ఆ రోజు వీధిలో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. వాళ్లను చూసి ఆమె, "బాగున్నరా అక్కా?" అని ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ పోయింది. పలకరించాక ఎవరేమంటారు?

ఆమె అలవాటు ఒకటి చెప్పాలి. కొత్త బాట అయితే సైకిల్‌ను కింద పెట్టి ముందు నడిచి ఎక్కేది. నడిచి దిగేది. ప్రతి రాయి దగ్గరా వంగి చూసేది, కాలితో కదిపి చూసేది. తర్వాత వాటికి మా చుట్టాల పేర్లు పెట్టేది. ఒక బండ ఉండేది, పైకి గట్టిగా కనబడి చక్రం ఎక్కగానే పక్కకు దొర్లేది. దాని పేరు చిన్నమామ. "ఏ పూట ఏ దిక్కుకు తిరుగుతడో ఆయనకే తెల్వదు" అనేది. ఒక మలుపు అయిపోయిందనుకుంటే మళ్లీ తిరిగేది. అది మా పెద్దత్త. "పోయొస్తనని గడప దిగినంక గూడ మాట్లాడుతనే ఉంటది గద!" ఈ పేర్లతో నాకు ఆ గుట్ట మొత్తం నోటికి వచ్చేసింది. చిన్నమామను ఎడమ పక్కకు వదిలి, పెద్దత్త దగ్గర ఓపిక పట్టి, చివరికి, పట్టుకుంటే వదలని మా మేనత్త కొడుకు లాంటి బురద గుంటలో కాళ్లెత్తుకుని దాటాలి.

కోతలయ్యాక గడ్డి కుప్పల మీద పడటం నేర్చుకున్నాం. ఎట్లా పడాలో తెలిస్తే సగం దెబ్బలు తగలవని ఆ పొడుగాటి అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. చేతులు చాచకుండా, భుజం మీద దొర్లుతూ పడాలి. ఇద్దరం ఆడవాళ్లం గడ్డిలో పడటం, లేవటం, మళ్లీ పడటం. పొలం ఆసామి గట్టు మీద నిలబడి, "ఏం చేస్తున్నవమ్మా సిస్టర్?" అని అడిగాడు. "పడుతున్నం కాకా" అంది వదిన.

వడ్ల బస్తా భుజానికెత్తుకుని కూర్చోవడం, లేవడం. మలుపులోకి పోయాక బ్రేకు పట్టకుండా ముందే పట్టి వదిలేయడం. అన్నిటికన్నా కష్టం కళ్లు. భయమైన రాయి వైపే కళ్లు పోతాయి, కళ్లు పోయిన వైపే సైకిల్ పోతుంది. "రాయిని జూడకు, రాయి పక్కన తొవ్వను జూడు" అని వెనక నుంచి అరిచేది. ఇప్పుడు నేను బడిలో పిల్లలకు పరుగు నేర్పేటప్పుడు ఆ మాట నా నోటి నుంచి దానంతటదే వస్తుంది.

ఆ ఏడాది చివర, హైదరాబాద్ అవతలి గుట్టల్లో, మా మొదటి పందెం. అంతమంది సైకిళ్ల వాళ్లను చూసి నేను వెనక వరసలోకి పోయి నిలబడ్డాను. వదిన మాత్రం మొదటి దిగుడు ముక్కలో బాగా దిగింది. రెండో దాంట్లో ఒక వేరు మీద చక్రం జారింది. గడ్డి కుప్ప మీద నేర్చుకున్నదంతా ఆ క్షణంలో మరిచిపోయి చెయ్యి చాచింది. మెడ కింద ఎముక విరిగింది.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు కట్టు కట్టిన చెయ్యిని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అమ్మ గుమ్మంలోనే చూసి చాట కింద పెట్టేసింది. "ఇగ చాలు బిడ్డా. చాలు" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. రెండున్నరేళ్ల పాప ఆ కట్టును వేలితో తాకి, "అమ్మకు సూది ఎవరిచ్చిన్రు?" అని అడిగింది. ఒక పిల్ల తల్లికి ఈ పందేలెందుకని వీధిలో అనేవాళ్లు అన్నారు. అన్న రెండు సైకిళ్లనూ షాపు గోడకు తగిలించాడు.

ఎముక అతికింది. ఎండాకాలం పోయింది. వానల ముందు ఒకరోజు వదినే అన్నను అడిగి సైకిల్ దింపించింది. ఇద్దరం గుట్ట ఎక్కాం. పైన నిలబడింది. నేను దిగి కింద ఎదురు చూశాను. ఎంతకీ రాలేదు. చివరికి సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఎన్నాళ్లో పైకి ఎక్కడం, నిలబడటం, నడిపించుకుంటూ దిగడం. ఆమె మొహం చూడలేక నేను వేరే వైపు చూసేదాన్ని. ఒకసారి అంది. "భయం అయితున్నదని కాదు పిల్లా. భయం అప్పుడు గుడ ఉండె. ఇప్పుడది చేతులల్లకు వచ్చింది. చేతులు నా మాట వింటలెవ్వు."

"వద్దులే వదినా, ఇడిసిపెడదాం" అన్నాను.

ఆమె సైకిల్ పట్టుకుని కిందికి నడిచింది. కానీ ఆ రోజు చదును నేల దాకా నడిచి రాలేదు. గుట్ట చిట్టచివరి మలుపు దగ్గర ఆగి, అక్కడ సైకిలెక్కి, ఆ ఒక్క మలుపు దిగింది. చిన్నపిల్లలు దిగే అంత జారుడు అది. దిగి, తిరిగి నడిచి అక్కడికే ఎక్కి, మళ్లీ దిగింది. ఆ పొద్దంతా అదే మలుపు.

"పై నుంచి కిందికి నాకు రాదు. కింది నుంచి పైకి నేర్చుకుంట" అంది.

అట్లాగే నేర్చుకుంది. చివరి మలుపు చేతులకు అలవాటయ్యాక దాని పైన ఉన్న రాయి నుంచి. ఆ రాయి అయ్యాక దాని పైన చెట్టు నుంచి. కొన్ని వారాలు ఒక రాయి దగ్గరే ఆగిపోయేది. వానలు పడ్డాయి, బాట కొట్టుకుపోయింది, తెలిసిన రాళ్లు చోటు మారాయి. చిన్నమామ దొర్లి ఎక్కడికో పోయాడు. ఆమె మళ్లీ నడిచి చూసి, మళ్లీ కింది నుంచి మొదలుపెట్టింది. నాకు విసుగొచ్చేది. ఆమెకు రాలేదు. డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చినా సాయంత్రం ఒక్కసారి గుట్టకు పోయి వచ్చేది. ఒక మనిషి తన భయాన్ని అంత ఓపికగా దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

అమ్మకు ఇదంతా తెలుసు. పట్టించుకోనట్టు ఉండేది. ఒక ఆదివారం పొద్దున పాపను చంకనేసుకుని, బీడీల చాట పట్టుకుని, "మీరు పొద్దున లేచి పోతరు గద, ఆ జాగ ఏందో నేను గుడ చూస్త" అని అన్న బండి మీద వచ్చింది. గుట్ట కింద ఒక రాతి మీద కూర్చుని, పాపను పక్కన కూర్చోబెట్టుకుని బీడీలు చుట్టుకుంటోంది.

వదిన ఆ రోజుకు గుట్ట పైభాగం దాకా వచ్చింది. ఒకే ఒక్క ముక్క మిగిలింది. నేను సగంలో నిలబడి ఉన్నాను. పై నుంచి చక్రాల చప్పుడు వినబడింది. తల ఎత్తేసరికి నన్ను దాటిపోయింది. మోచేతులు బయటికి పెట్టి, పెడళ్ల మీద నిలబడి, కళ్లు ఎక్కడో ముందు. పెద్దత్త మలుపు తిరిగి, బురద గుంట దాటి, అమ్మ కూర్చున్న రాతి దగ్గర దుమ్ము లేపుతూ ఆగింది. నేను పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాను.

అమ్మ చేతిలో తునికాకు అట్లాగే ఉంది. మా ముగ్గురిలో ముందు మాట్లాడింది అమ్మే.

"ఇంకోపారి పోయి రా బిడ్డా. నేను సరిగ్గ చూడలే."

వదిన నవ్వలేదు, ఏడవలేదు. సైకిల్ తిప్పుకుని మళ్లీ గుట్ట ఎక్కింది.

ఆ చలికాలమంతా పందేలే. మొదటి దాంట్లో వదిన వెనక నుంచి రెండోది. నేను ఆమెకన్నా కొంచెం మేలు. "నా కింద ఇంకొకామె ఉన్నదంటే నాకు ఇంకా జాగ ఉన్నట్టే" అంది. తర్వాత దాంట్లో మధ్యలోకి వచ్చింది. నాకన్నా ముందు వచ్చింది. ఆ తర్వాత నేను ఆమెను ఎప్పుడూ దాటలేదు. ఆదివారం పందెం, సోమవారం పొద్దున మళ్లీ టీకాల పెట్టెతో తండాలో. ఒక్క డ్యూటీ కూడా వదల్లేదు. ఒంటి నిండా గీరుకుపోయిన చేతులతో పసిపిల్లలకు సూది వేస్తుంటే తల్లులు, "నీకే ఎవలన్న పట్టి కట్టాలె సిస్టర్" అనేవాళ్లట.

చివరి పందెం మహారాష్ట్రలో, పడమటి కొండల్లో. ఒకరోజు ముందే పోయి బాట నడిచి చూశాం. ఆఖరి దిగుడులో నడుమెత్తు బండ ఒకటి ఉంది. దాని మీద నుంచి సైకిల్‌తో దూకాలి. భయమైన వాళ్లకు పక్క నుంచి తిరిగిపోయే బాట ఉంది, కానీ టైము పోతుంది. ఆడవాళ్లలో చాలామంది ఆ పక్క బాటే చూసుకుంటున్నారు. నేనూ అటే చూశాను. వదిన బండ మీద కూర్చుంది, కింద నిలబడింది, అరచేత్తో కొలిచింది.

"దీనికేం పేరు పెడుతవు వదినా?" అని అడిగాను.

"అత్తమ్మ బండ."

"అదేంది?"

"దూరం నుంచి చూస్తె గట్టిగ ఉంటది. దగ్గరికి పోతె తొవ్వ ఇస్తది" అంది. నేను ఆ కొండ మీద కడుపు పట్టుకుని నవ్వాను.

మరునాడు నేను ఆమెకన్నా ముందు బయలుదేరాను. బండ దగ్గర పక్క బాటకే తిరిగాను. కింద చేరి, ఊపిరి కూడదీసుకుంటూ పైకి చూస్తున్నాను. కొండ మలుపుకు అవతల, ఆ బండ దగ్గర నిలబడ్డ జనం ఒక్కసారిగా అరిచారు. ఆ అరుపు మంచికో చెడుకో అర్థం కాలేదు. అంతలో ఎర్రదుమ్ములోంచి ఆమె. పడలేదు, ఎక్కడా దెబ్బ లేదు. గీత దాటి, సైకిల్ పక్కకు వదిలేసి నేల మీద వెల్లకిలా పడుకుంది. పరుగెత్తుకుపోతే, "ఇచ్చింది పిల్లా, తొవ్వ ఇచ్చింది" అంది.

ఆడవాళ్లలో మూడో స్థానం. చెక్కపెట్టె మీద నిలబెట్టి పతకం వేశారు. పుణె అమ్మాయి, బెంగళూరు అమ్మాయి, పక్కన మా వదిన. మైకులో ఆయన మా ఊరి పేరు పలకలేక తికమకపడ్డాడు. వదిన వంగి ఆ మైకు తన వైపు తిప్పుకుంది. "ఎల్లారెడ్డి. కామారెడ్డి పక్కన. తెలంగాణ" అంది. అప్పటికి రాష్ట్రం ఇంకా రాలేదు, రాబోతోంది. ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు గానీ, వెనక వరసలో కొందరు ఈలలు వేశారు. నేను జన్మలో మరిచిపోలేని చప్పుడు అది.

అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాం. "దెబ్బలేం తాకలే గద?" అని అడిగింది ముందు. లేదన్నాక, "మూడోదా? కడమ ఇద్దరు ఎవలి కోడండ్లు?" అంది. వాళ్లకు పెళ్లిళ్లు కాలేదని వదిన చెప్పింది. "అయితె కోడండ్లల్ల నువ్వే ఫస్టు" అని అమ్మ తేల్చేసింది. బండకు తన పేరు పెట్టిన సంగతి చెబితే అటు నుంచి నవ్వు వినబడింది. మేము ఊరు చేరేసరికి ఆ బండ కథ వీధి మొత్తం తెలుసు. అమ్మే చెప్పుకుంది.

ఆ ఎండాకాలంలో వదిన, నేను వచ్చే సీజన్‌కు సాధన మొదలుపెట్టేశాం. తండాలోని ఆడపిల్లలు కొందరు సాయంత్రాలు తమ ఇనుప సైకిళ్లతో ఆమె వెంటపడేవాళ్లు. వాళ్లకు ముందు బ్రేకు ఎట్లా పట్టాలో నేర్పింది. తర్వాత నాకు బీర్కూర్‌లో ఉద్యోగం వచ్చింది. "ఆటల టీచర్‌వి అయినవా! మంచిగైంది. పిల్లలకు ముందుగాల పడుడు నేర్పు" అంది. రాష్ట్రం వచ్చింది. వానలు వచ్చాయి. జ్వరాలు వచ్చాయి.

ఆసుపత్రిలో ఆమెతో నేను ఒక్క మధ్యాహ్నమే మాట్లాడగలిగాను. అమ్మ ఆమె తల దగ్గర కూర్చుని తడిబట్టతో నుదురు తుడుస్తోంది. వదిన కళ్లు తెరిచి, "మన దిక్కు వాన పడ్డదా?" అని అడిగింది.

"పడ్డది."

"అయితె రెండు రోజులు ఆగు. మట్టి ఆరినంక పో." కాసేపు ఊపిరి తీసుకుని, "చలికాలం పందెంకు పేరు ఇచ్చినవా?" అంది.

"ఇంక ఇయ్యలే వదినా."

"ఇయ్యి. నాది గుడ ఇయ్యి."

ఆ సాయంత్రమే ఇద్దరి పేర్లూ ఇచ్చాను. ఆమె బతుకుతుందనే ఇచ్చాను. ఇప్పుడు ఆ పందేనికి నేను ఒక్కదాన్నే పోతున్నాను. అన్న సైకిల్ సిద్ధం చేశాడు. అమ్మ ఈసారి కొండ కింద దాకా తానూ వస్తానంది. పాపను కూడా తెస్తుందట. వదిన ఎంత వేగంగా దిగేదో చెప్పమని పాప అడిగితే, నేను చెప్పే ముందే అమ్మ చెప్పడం మొదలుపెడుతుంది. చెప్పేటప్పుడు ఆమె వెన్ను నిటారుగా అవుతుంది. ఇంట్లో ఏడుపు లేదని కాదు. ఉంది. కానీ మా ఇంటి గోడల మధ్య ఆమె పేరు వచ్చినప్పుడల్లా మేమందరం కొంచెం ఎత్తుగా కూర్చుంటాం.

నా కళ్ల ముందు ఎప్పుడూ మెదిలేది పతకం వేసుకున్న వదిన కాదు. ఈ వేసవిలో ఒక పొద్దున, ఎండ ఇంకా ఎర్రగానే ఉంది. ఇద్దరం గాంధారి రోడ్డు మీద వస్తున్నాం. ఉన్నట్టుండి పక్క పొలంలోంచి మేకల మంద రోడ్డు మీదికి వచ్చింది. నేను కాలు కింద పెట్టి ఆగాను. వదిన పెట్టలేదు. మంద మధ్యలో, రెండు పాదాలూ పెడళ్ల మీదే ఉంచి, ముందు చక్రాన్ని ఇంత అటు, ఇంత ఇటు తిప్పుతూ, కదలకుండా నిలబడింది. మేకలు ఆమె చుట్టూ చీలి, రాసుకుంటూ, మళ్లీ కలిసి పోతున్నాయి. ఒక పిల్ల మేక ఆమె చక్రాన్ని మూతితో తాకి చూసింది. కాపరి కర్ర భుజాన వేసుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. ఆమె ఎవరినీ చూడటం లేదు. మెడలు కదులుతున్న ఆ గోధుమరంగు మందకు అవతల, ఖాళీ అవుతున్న రోడ్డు వైపు చూస్తోంది, పెదవుల మీద చిన్న నవ్వుతో.